డేరా వేసుకుని దేశాలు తిరిగిన వెంకయ్యగారు

ఫిల్మ్‌నగర్‌లో రఘుపతి వెంకయ్య నాయుడుగారి విగ్రహం ఉంది. ఏటా అక్టోబరు 15న, ఆయన పుట్టినరోజునాడు, సినిమావాళ్ళు వచ్చి దండ వేసి, దణ్ణం పెట్టి వెళ్తారు. తెలుగు సినిమాకి పితామహుడని ఓ నాలుగు మాటలు చెబుతారు. అది నిజమే. కానీ ఆయన సినిమా తియ్యకముందు ఏం చేశారో మనలో చాలామందికి తెలియదు. సినిమా తీసే స్తోమత రాకముందు ఆయన ఓ సంచారి! ఓ బరువైన మిషనుని వెంటేసుకుని రైళ్ళెక్కి, ఓడలెక్కి, సముద్రాలు దాటి సింహళం, బర్మా తిరిగొచ్చిన మనిషి.

తిరగడం గొప్ప కాదు. అప్పు మీద బయల్దేరి, పరదేశాల్లో రోజులకి రోజులు గడిపి, చేతిలో డబ్బుతో తిరిగి రావడం గొప్ప. పైగా వెళ్ళేటప్పుడు ఇంటికి అన్నం పెట్టే ఫోటో స్టూడియో తాకట్టులో ఉంది. ఏ ఇల్లాలికైనా ఈ మాట వింటే గుండె ఝల్లుమనక మానదు కదా!

నేను కాస్ట్యూమ్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాను. విదేశాల్లో షూటింగంటే మా పెట్టెలే అందరికన్నా ముందు కదలాలి, అందరికన్నా చివర ఇంటికి చేరాలి. అందుకే వెంకయ్యగారి జీవితం చదివినప్పుడల్లా నాకు ఆయన తీసిన బొమ్మలకన్నా ఆయన చేసిన ప్రయాణాల మీదికే మనసు పోతుంది. బండి ఖర్చు, బస ఖర్చు... ఈ రెంటినీ అదుపులో పెట్టడం తెలిసినవాడే పరాయిదేశంలో ఎక్కువ రోజులు నిలబడగలడు. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఆర్నెల్లకో, రెండేళ్ళకో విదేశం వెళ్ళేవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళకీ ఈ కథ పనికొస్తుంది.

బందరు నుంచి మౌంట్‌రోడ్డుకి

వెంకయ్యగారు 1869లో మచిలీపట్నంలో పుట్టారు. సైన్యంలో పనిచేసిన కుటుంబం. పదిహేడేళ్ళ వయసులో ఊరొదిలి మద్రాసు చేరారు. అప్పట్లో మన కృష్ణా, గోదావరి జిల్లాల వాళ్ళకి పట్నం అంటే మద్రాసే. చదువుకైనా, కోర్టు పనికైనా, పొట్టకూటికైనా అటే చూపు.

ఆయన చేపట్టిన వృత్తి ఫోటోగ్రఫీ. ఆ రోజుల్లో ఫోటో తీయించుకోవడమంటే పెద్ద వేడుక. కుర్చీ వేసి, వెనకాల తెర కట్టి, కదలకుండా ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. మనవాళ్ళలో చాలామందికి ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందన్న భయం కూడా ఉండేది. అలాంటి కాలంలో ఓ బందరు కుర్రాడు దొరల షాపులుండే మౌంట్‌రోడ్డులో స్టూడియో పెట్టి పేరు తెచ్చుకున్నాడంటే చేతిలో పని ఉండాలి, నోట్లో మాట ఉండాలి. రెండూ ఉన్నాయి కాబట్టే వ్యాపారం నిలబడింది. సంసారం స్థిరపడింది. ఇంకొకరైతే అక్కడితో తృప్తిపడి, నాలుగిళ్ళు కొనుక్కుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవారు.

పదహారు కిలోల బంగారం!

1909 ప్రాంతంలో ఆయన దృష్టి కదిలే బొమ్మల మీద పడింది. ఫ్రాన్సులో గోమాంట్ కంపెనీ క్రోనోమెగాఫోన్ అని ఓ యంత్రం తయారుచేసింది. తెర మీద బొమ్మ కదులుతుంటే, దానికి జతగా గ్రామఫోను పళ్ళెం తిరుగుతూ పాటో మాటో వినిపిస్తుంది. ఆ ధ్వని పెద్ద హాలంతా వినబడేలా గాలిని ఒత్తిడితో పంపించి పెంచుతారు. మన దేశంలో మొదటి టాకీ వచ్చింది 1931లో. అంతకు ఇరవై ఏళ్ళ ముందే బొమ్మ మాట్లాడే ఓ ఉపాయం అది. ఒక్కో బిళ్ళా నాలుగు నిమిషాలకి మించి రాదు. అయినా జనానికి అదే ఇంద్రజాలం.

దాని ఖరీదు సుమారు 30,000 రూపాయలు. ఈ అంకె వింటే ఇప్పుడు మనకి ఓ మోస్తరు సెల్‌ఫోను ధర గుర్తొస్తుంది. అప్పటి లెక్కలో చూద్దాం. ఆ రోజుల్లో ఒక బంగారు సవరను మారకం 15 రూపాయలు. అంటే ఆ యంత్రం ఖరీదు 2,000 సవర్లు! సవరను దాదాపు 8 గ్రాములు. మొత్తం పదహారు కిలోల బంగారం! ఆ డబ్బు కోసం వెంకయ్యగారు స్టూడియోని తాకట్టు పెట్టారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచిద్దాం. తాకట్టు అంటే మనకి తెలియనిది కాదు. పిల్లవాడి అమెరికా చదువుకి ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టిన తల్లిదండ్రులు మన వీధిలోనే ఉంటారు. కాగితాలు బ్యాంకులో ఉన్నన్నాళ్ళూ నిద్ర సగమే. వడ్డీకి ఆదివారాలు, పండుగలు ఉండవు. మిషను మూల కూర్చుంటే అది ఇనుము. తిరిగితేనే డబ్బు. అందుకని ఆయన తిరగక తప్పలేదు.

ముందు డేరా, తర్వాత దేశం

1910లో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాల్లో ఆ యంత్రంతో ప్రదర్శనలు ఇచ్చారు. ఎస్ప్లనేడులో డేరా వేసి కూడా ఆడించారు. డేరా ఆయన కనిపెట్టింది కాదు. తిరుచ్చిలో రైల్వే ఉద్యోగం చేసిన స్వామికన్ను విన్సెంట్ 1905లోనే డుపాంట్ అనే ఫ్రెంచి దొర దగ్గర సినిమా మిషను కొని, డేరాలో బొమ్మలాడిస్తూ ఊళ్ళు తిరిగాడు. వెంకయ్యగారూ ఆ దారే పట్టారు.

డేరాలో ఉన్న కిటుకు ఏమిటో ఔట్‌డోర్లు చేసిన మా లాంటి వాళ్ళకి ఇట్టే తెలుస్తుంది. హాలు తీసుకుంటే ఆట ఆడినా ఆడకపోయినా అద్దె కట్టాలి. వానొచ్చి జనం రాకపోయినా కట్టాలి. డేరా మన సొంతం. ఖాళీ జాగా దొరికితే చాలు. రోజూ పొద్దున్నే విప్పి సాయంత్రం వేసే బాధ లేకుండా ఒక ఊళ్ళో వారాల తరబడి ఉంటే, దించడం, ఎక్కించడం, కూలి, బండి... ఈ ఖర్చు ఒక్కసారితో పోతుంది. పైగా రాత్రి ఆటయ్యాక సామానుకి కాపలా అక్కడే పడుకోవచ్చు. మనుషులకో బస, సామానుకో బస అని రెండు అద్దెలు ఉండవు. అత్తగారి కాలం నుంచి మనం వింటున్నదే: కుండ మార్చినకొద్దీ కూడు తరుగుతుంది. ప్రయాణంలో కూడా అంతే, బస మార్చినకొద్దీ డబ్బు తరుగుతుంది.

బెంగుళూరు, విజయవాడ లాంటి ఊళ్ళలో ఆయన ప్రదర్శనలు ఇచ్చారు. ఈ రెండు ఊళ్ళనీ మ్యాపులో చూడండి. రెంటికీ అప్పటికే మద్రాసు నుంచి రైలుంది. ఎద్దుబండి మీద అంత బరువైన మిషను, పళ్ళేలు, డేరా గుడ్డ, గుంజలు పెట్టుకుని పల్లెలమ్మట పోతే ఒక చక్రం గోతిలో పడితే చాలు, పదహారు కిలోల బంగారం గోతిలో పడ్డట్టే! రైలు పెట్టెలో వేస్తే ఖర్చూ తక్కువ, భయమూ తక్కువ.

నీళ్ళు దాటిన నాయుడుగారు

ఇంతవరకూ దేశంలో మాట. ఆ తర్వాత ఆయన సింహళం వెళ్ళారు. బర్మా వెళ్ళారు. రంగూన్‌లో, పెగూలో బొమ్మలాడించారు.

సింహళం ప్రయాణం ఇప్పుడు విమానంలో గంటన్నర. అప్పుడు అలా కాదు. రామేశ్వరం వెళ్ళే పాంబన్ వంతెన, ధనుష్కోటి నుంచి తలైమన్నారుకి బోటు సర్వీసు మొదలైంది 1914లో. అంతకుముందు వెళ్ళినవాళ్ళు తూత్తుకుడి దాకా రైల్లో పోయి అక్కణ్ణించి స్టీమరెక్కాలి, లేదా మద్రాసు రేవులోనే ఓడెక్కాలి.

బర్మా అంటే మన తెలుగువాళ్ళకి ఇంకో జిల్లా లాంటిది. శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వేలమంది రంగూన్ వెళ్ళి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పనిచేసేవారు. కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు మీద మనవాళ్ళని అక్కడ కోరంగీలని పిలిచేవారు. 1911 నాటికి రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. అంటే వెంకయ్యగారు ఓడ దిగిన చోట తెలుగు మాట వినిపించేది. అన్నం, పచ్చడి దొరికేది. పరాయిదేశంలో ఇది ఎంత పెద్ద ఆదాయమో వెళ్ళొచ్చినవాళ్ళకి తెలుసు. భాష తెలిసిన మనిషి పక్కనుంటే బండివాడు ఎక్కువ అడగడు, ఇంటివాడు మోసం చెయ్యడు, కూలీలు దొరుకుతారు. ఆట చూడ్డానికి జనమూ వస్తారు!

మద్రాసు రంగూన్‌ల మధ్య బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు తిరిగేవి. గదుల్లో వెళ్ళేవాళ్ళు గదుల్లో వెళ్ళేవారు. కూలికి వెళ్ళే మనవాళ్ళంతా డెక్కు మీదే. ఎవరి చాప వాళ్ళదే, ఎవరి చెంబు వాళ్ళదే, ఎవరి అటుకులు, చింతకాయ పచ్చడి వాళ్ళవే. ఎండొచ్చినా వానొచ్చినా కాన్వాసు గుడ్డ కిందే నాలుగైదు రోజులు గడపాలి. టిక్కెట్టు ధరలో అంత తేడా మరి. సామానుకి మాత్రం ఎవరైనా కిరాయి కట్టాల్సిందే.

పెగూ కూడా ఊరికే ఎంచుకున్న ఊరు కాదనిపిస్తుంది నాకు. రంగూన్‌కి ఎనభై కిలోమీటర్ల దూరం. 1880ల్లోనే అక్కడికి రైలు పడింది. సముద్రం దాటి వచ్చే పెద్ద ఖర్చు ఒక్కసారి పెట్టేశాక, ఆ ఖర్చు మీదే చుట్టుపక్కల ఊళ్ళు కూడా తిరిగితే ఒక్కో ఊరికి పడే ఖర్చు తగ్గిపోతుంది. వెయ్యి రూపాయలు పెట్టి బంధువులింటికి వెళ్ళినప్పుడు, దారిలో ఉన్న గుడి, పక్క ఊళ్ళో పిన్నిగారిల్లు, సంతలో బెల్లం... అన్నీ ఒకే ప్రయాణంలో చూసుకునే మన పద్ధతే కదా ఇది!

ఇవాళ్టికీ అదే లెక్క

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఈ ఫిల్మ్‌నగర్‌లో, జూబిలీహిల్స్‌లో ఏ ప్రొడక్షన్ ఆఫీసులోకెళ్ళి విదేశీ షెడ్యూలు గురించి అడిగినా, వేళ్ళు మడిచి చెప్పే లెక్కలు వెంకయ్యగారి ప్రయాణంలో ఉన్నవే. మేము నేర్చుకున్న నాలుగు మాటలు మీ ముందుంచుతాను. పిల్లల్ని చదువుకి పంపే తల్లులకి, కూతురి పురిటికి ఆర్నెల్లు అమెరికా వెళ్ళే అమ్మలకి అక్కరకొస్తాయి.

మొదటిది, ఊళ్ళు తక్కువ, రోజులు ఎక్కువ. పది రోజుల్లో ఆరు ఊళ్ళు తిరిగితే బస ఖర్చుకన్నా బండి ఖర్చు ఎక్కువైపోతుంది. ఒకేచోట నెలరోజులుంటే గది అద్దె రోజు లెక్కన కాకుండా నెల లెక్కన మాట్లాడుకోవచ్చు. బస్సు, రైలు పాసులు కూడా నెలకైతేనే కలిసొస్తాయి. రోజూ టిక్కెట్టు కొనేవాళ్ళు నెలాఖరుకి లెక్క చూసుకుని గుండెలు బాదుకుంటారు.

రెండోది, పొయ్యి ఉన్న బస. హోటలు గది చూడ్డానికి బావుంటుంది. పదిహేనుమంది యూనిట్‌కి మూడుపూటలా బయట తిండంటే నిర్మాత కళ్ళు తేలేస్తాడు. అందుకే వంటగది ఉన్న అపార్ట్‌మెంటు తీసుకుని, ఇక్కణ్ణించే ఓ వంటమనిషిని తీసుకెళ్ళే పద్ధతి వచ్చింది. ఒక రైస్‌కుక్కరు, రెండు కిలోల కందిపప్పు, నాలుగు రకాల పొడులు... ఇవి ఉంటే సగం దిగులు తీరినట్టే. పెట్టెలో ఏవి పెట్టుకోవచ్చో, ఏవి కూడదో ఆ దేశం నిబంధనలు మాత్రం ముందే చూసుకోవాలి. తీరా దిగాక చెత్తబుట్టలో వెయ్యాల్సొస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

మూడోది, బరువు. మేము చీరలు, లంగాలు, నగలు, చెప్పులు అన్నీ తూకం వేసి పెట్టెల్లో సర్దుతాం. అదనపు బరువుకి విమానంవాళ్ళు తీసుకునే డబ్బుతో అక్కడే కొత్త బట్టలు కొనచ్చు. ఎక్కువ రోజులకి వెళ్ళేవాళ్ళు పుస్తకాలు, దుప్పట్లు, గిన్నెలు మోసుకెళ్ళడం కన్నా అక్కడ పాతసామాను అమ్మే దుకాణాల్లో కొనుక్కోవడం మేలు. కెమెరాల్లాంటి ఖరీదైన సామాను తీసుకెళ్ళి తిరిగి తెచ్చుకునేవాళ్ళకి కార్నెట్ అని ఓ పత్రం ఉంది. అది చాలా దేశాల్లో చెల్లుతుంది. మన దేశంలో ఫిక్కీ ఇస్తుంది. అదుంటే వెళ్ళిన చోటల్లా సుంకం కట్టక్కర్లేదు. వెంకయ్యగారి కాలంలో సింహళం, బర్మా రెండూ ఇంగ్లీషువాళ్ళ చేతికిందే ఉండేవి. బర్మా అయితే 1937 దాకా మన దేశంలో ఓ భాగమే. పాస్‌పోర్టుల బెడద ఆయనకి లేదు. మన పిల్లలకి ఉంది.

నాలుగోది, తెలిసిన మనిషి. ఇప్పుడు ఏ దేశంలో చూసినా తెలుగు సంఘాలున్నాయి. వాళ్ళింట్లో నెలల తరబడి తిష్ఠ వెయ్యమని కాదు. మొదటి వారం రోజులు ఏ పేట మంచిది, ఏ బస్సెక్కాలి, అద్దె ఒప్పందంలో ఏం చూడాలి... ఈ నాలుగు ముక్కలు చెప్పే మనిషి ఉంటే వందలు మిగులుతాయి. ఆడపిల్లలైతే చవగ్గా వస్తోందని చీకటిదారిలో ఉన్న గది తీసుకోకూడదు. రాత్రిపూట టాక్సీకి పెట్టే డబ్బులో ఆ చవక కాస్తా పోతుంది.

గెయిటీ దీపాలు

1912 ప్రాంతంలో వెంకయ్యగారు మద్రాసు తిరిగొచ్చారు. చేతిలో డబ్బుంది. కొత్త ఆలోచన ఉంది. ఇంకెంతకాలం డేరా? మౌంట్‌రోడ్డు దగ్గర గెయిటీ థియేటరు కట్టించారు. మద్రాసులో ఓ భారతీయుడు సొంతంగా కట్టించుకున్న మొదటి సినిమా హాలు అది. తర్వాత మింట్ స్ట్రీట్‌లో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్ వచ్చాయి. గ్లోబే తర్వాత రాక్సీ అయ్యింది.

మిషనుతో ఊరూరా తిరిగిన మనిషి ఇప్పుడు కూర్చున్న చోటే మూడు హాళ్ళకి యజమాని. అమెరికా నుంచి, యూరప్ నుంచి సినిమాలు ఓడల్లో ఆయన గుమ్మానికే వచ్చేవి. ఒకప్పుడు తను దేశాల వెంట తిరిగితే, ఇప్పుడు దేశాలే తన దగ్గరికి రావడం మొదలైంది. అయినా ఆయన మనసు ఒకచోట నిలవలేదు. పరాయివాళ్ళ బొమ్మలు ఎంతకాలం చూపిస్తాం, మన కథలు మనమే తియ్యాలి కదా అన్న తపన పట్టుకుంది. తియ్యాలంటే పని తెలియాలి. పని నేర్పే చోటు ఇక్కడ లేదు.

కొడుకుని లండన్ పంపించి

అప్పుడు ఆయన చేసిన పని చూడండి. కొడుకు సూర్యప్రకాష్‌ని సినిమా పని నేర్చుకు రమ్మని లండన్ పంపించారు. అక్కడి బార్కర్ స్టూడియోలో ఆ కుర్రాడు పని నేర్చుకున్నాడు. జర్మనీ, అమెరికా కూడా చూసొచ్చాడు. ఇవాళ ఫిల్మ్‌నగర్‌లో నిర్మాతలు పిల్లల్ని న్యూయార్కుకో లాస్ ఏంజెలెస్‌కో ఫిల్మ్ స్కూలుకి పంపించడం మామూలైపోయింది. నూరేళ్ళ కిందట ఆ దారి వేసింది ఈ తండ్రే.

ఆ రోజుల్లో లండన్ ప్రయాణమంటే ఓడలో మూడు వారాల పైమాటే. సూయజ్ కాలవ దాటాక ఫ్రాన్సులో మార్సేల్స్ దగ్గర దిగి రైలెక్కితే కొన్ని రోజులు కలిసొచ్చేవి. కానీ ఖర్చెక్కువ. డబ్బు చూసుకునేవాళ్ళు జిబ్రాల్టర్ చుట్టూ తిరిగి లండన్ దాకా ఓడలోనే పోయేవారు. ఓడలో ఉన్నన్నాళ్ళూ తిండీ బసా టిక్కెట్టులోనే కదా! అక్కడికి చేరాక మనవాళ్ళు ఎక్కువగా ఏ ఇంటావిడ దగ్గరో గది తీసుకుని, వారానికింతని ఇచ్చి పొద్దున్న ఫలహారం, రాత్రి భోజనం ఆమె దగ్గరే కుదుర్చుకునేవారు. చలికి గదిలో గ్యాసు మంట పెట్టుకోవాలంటే మీటరులో పెన్నీ నాణెం వెయ్యాలి. నాణెం అయిపోతే మంట ఆరిపోతుంది. మన కుర్రాళ్ళు కోటు మీద కోటు వేసుకుని పుస్తకం పట్టుకుని గ్రంథాలయాల్లో కూర్చోవడం చదువు మీద ప్రేమతోనే కాదు, అక్కడ వెచ్చగా ఉంటుందని కూడా!

డేరాలో పడుకుని డబ్బు మిగిల్చిన తండ్రి, ఆ మిగులుని బంగారం మీద పెట్టలేదు. కొడుకు చేతికి పని రావడం మీద పెట్టారు. ప్రయాణంలో పొదుపు ఎందుకు చెయ్యాలంటే, ఇదిగో ఇందుకు. ఎక్కడ పిసినారితనం చూపాలో, ఎక్కడ గుప్పిలి విప్పాలో తెలియడమే పొదుపు.

స్టార్ ఆఫ్ ది ఈస్ట్

ప్రకాష్ తిరిగొచ్చాక తండ్రీకొడుకులు మద్రాసులో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే కంపెనీ పెట్టి, 1921లో భీష్మ ప్రతిజ్ఞ తీశారు. అది మూకీ. మాటల్లేవు. అయినా తెలుగువాళ్ళ చేతిలో పుట్టిన మొదటి కథాచిత్రంగా దాన్నే చెప్పుకుంటాం. గంగ వేషం వేసింది పెగ్గీ కాస్టెల్లో అనే ఇంగ్లీషు యువతి. ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో ఆడపిల్ల తెర మీదికి వస్తానంటే తలుపులు వేసేసేవారు మరి. నాటకాల్లో ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారు. గంగమ్మ తల్లి వేషానికి కూడా పరాయిదేశపు పిల్ల కావలసివచ్చింది! తర్వాత గజేంద్ర మోక్షం, నందనార్, మత్స్యావతారం వచ్చాయి. సి.పుల్లయ్యగారు, వై.వి.రావుగారు ఇక్కడే పని నేర్చుకుని పెద్ద దర్శకులయ్యారు.

అయితే కళ వేరు, ఖర్చు వేరు. రోడ్డు మీద ఉన్నప్పుడు నష్టమొస్తే డేరా విప్పి ఇంకో ఊరు పోవచ్చు. థియేటరు విప్పలేం, స్టూడియో మొయ్యలేం. జీతాలు, వడ్డీలు, సెట్టింగులు, ఫిల్ము ఖర్చు... ఆట ఆడినా ఆడకపోయినా నడుస్తూనే ఉంటాయి. దేశాలు తిరిగినప్పుడు ప్రతి మజిలీ తర్వాతి మజిలీ ఖర్చు సంపాదించిపెట్టింది. ఇంటికొచ్చి స్థిరపడ్డాక ఆ సూత్రం తెగిపోయింది. అప్పులు మీద పడ్డాయి. ప్రాణంలా చూసుకున్న థియేటర్లు చేతులు మారాయి. ఎంతోమందికి జీవనాధారం చూపించినాయన చివరిరోజుల్లో ఇబ్బందులు పడ్డారు.

విదేశాలకి వెళ్ళే పిల్లలకి, పంపే పెద్దలకి ఇందులో చాలా ఉంది. వెళ్ళిన కొత్తలో అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ఒకే గదిలో నలుగురు సర్దుకుంటారు. బస్సెక్కుతారు. టిఫిను డబ్బా పట్టుకెళ్తారు. రెండేళ్ళకి ఉద్యోగం రాగానే కారు వాయిదా, పెద్ద ఇంటి అద్దె, క్రెడిట్ కార్డు మొదలవుతాయి. మోయలేని స్థిరఖర్చులు నెత్తిన పడేది అప్పుడే. ఇక్కడ ఇంటి కాగితాలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయన్న సంగతి మరుగున పడిపోతుంది. ముందు తాకట్టు విడిపించుకుని, తర్వాతే కొత్త మెట్టు ఎక్కాలి.

పార్వతీశం ప్రయాణం

1940లో ఓ ముచ్చటైన సంగతి జరిగింది. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టర్ పార్వతీశం నవల మనందరికీ తెలిసిందే. మొగలితుర్రు నుంచి బయల్దేరి ఇంగ్లండు వెళ్ళిన అమాయకపు కుర్రాడు రైల్లో, ఓడలో, పరాయి ఊళ్ళలో పడే అవస్థలు చదివి నవ్వనివారు లేరు. ఆ నవలని సినిమాగా తీసింది ఎవరనుకున్నారు? మన సూర్యప్రకాషే! లంకా సత్యం, జి.వరలక్ష్మి నటించారు. తండ్రి పొదుపు చేసి పంపిస్తే కుర్రవయసులో తనూ ఓడెక్కి లండన్ వెళ్ళొచ్చిన మనిషి, ఇరవై ఏళ్ళ తర్వాత ఓ తెలుగు కుర్రాడి విదేశయానాన్ని తెరకెక్కించాడు. ఆ దారి అతనికి ఒకరు చెప్పక్కర్లేదు కదా.

ఆ మరుసటి సంవత్సరం, 1941 మార్చి 15న, వెంకయ్యగారు కన్నుమూశారు. అప్పటికి తెలుగు టాకీ పుట్టి పదేళ్ళు కూడా నిండలేదు.

1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆయన పేరున అవార్డు పెట్టింది. మొదటిది ఎల్.వి.ప్రసాద్‌గారికి ఇచ్చారు. తర్వాత్తర్వాత భానుమతిగారు, అంజలీదేవిగారు, విజయనిర్మలగారు కూడా ఆ గౌరవం అందుకున్నారు. గంగ వేషానికి తెలుగు ఆడపిల్ల దొరకని పరిశ్రమ, ఆ పితామహుడి పేరు మీదే తెలుగు ఆడవాళ్ళకి పెద్దపీట వేసింది. ఆ ముగ్గురిలో ఇద్దరు దర్శకత్వం కూడా చేసినవాళ్ళు!

ఈ కొండల మీద 1976లో అన్నపూర్ణ స్టూడియో వచ్చింది. ఆ తర్వాత రామానాయుడు స్టూడియో వచ్చింది. రాళ్ళగుట్టల మీద ఇళ్ళు, ఆఫీసులు, డబ్బింగ్ థియేటర్లు లేచాయి. పొద్దున్నే కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టుల బస్సులు కదులుతాయి. జూబిలీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర జనరేటర్ వ్యాన్లు, కెమెరా వ్యాన్లు క్యూ కడతాయి. వాటన్నిటికీ ముందు నడిచిన బండి ఏదంటే, ఓ మిషను, కొన్ని పళ్ళేలు, ఓ డేరా గుడ్డ మోసుకుని రేవుకి పోయిన ఆ బందరు నాయుడుగారిదే.

మీ ఇంట్లో ఎవరైనా పెట్టె సర్దుకుంటుంటే ఈ కథ చెప్పండి. వెళ్ళే చోట ఎన్నాళ్ళుండాలో ముందే తేల్చుకోమనండి. పొయ్యి ఉన్న గది చూసుకోమనండి. రైలుదారి మీదున్న ఊళ్ళో దిగమనండి. తెలిసిన మనిషి ఫోన్ నంబరు సెల్‌ఫోన్లోనే కాదు, కాగితం మీద కూడా రాసి ఇవ్వండి. తిరుగు ప్రయాణానికి కావలసిన డబ్బు మాత్రం విడిగా మూటగట్టి, ఎంత అవసరమొచ్చినా దాని జోలికి పోవద్దని చెప్పండి.